కృత్తికల పక్కన నెలవంక: ఈ ఫొటోలో అతుకు ఉందో లేదో ఎలా తేల్చాలి?

ప్రశ్న: పరిశీలకుడు

మా ఖగోళ పరిశీలకుల బృందం నిర్వహించే చిన్న ఫొటో పోటీకి నేను ముగ్గురు నిర్ణేతల్లో ఒకడిని. ఈసారి వచ్చిన చిత్రాల్లో ఒకదాని మీద వివాదం లేచింది. సాయంసంధ్య దాదాపు ముగిసిన ఆకాశం, కింద కొండ అంచు, దాని మీద ఒంటరి చెట్టు, పైన సన్నని నెలవంక, దానికి రెండు డిగ్రీల దూరంలో కృత్తికలు ఆ చిత్రంలో ఉన్నాయి. నెలవంక ఒడిలో చంద్రబింబపు చీకటి భాగం బూడిద రంగులో లీలగా కనిపిస్తుండగా, వెలుగు భాగంలో బిలాల అంచులు సైతం స్పష్టంగా ఉన్నాయి. "ఏప్రిల్ నెల సాయంత్రం, 200 మి.మీ. లెన్స్, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 1600, 2 సెకన్లు, ఒకే ఎక్స్‌పోజర్" అని పంపినవారు వివరం రాశారు.

మా సభ్యులలో ఒకరు ఈ చిత్రాన్ని ఒక వెబ్‌సైట్‌లో ఎర్రర్ లెవెల్ ఎనాలిసిస్, అంటే ఈఎల్ఏ, అనే పరీక్షకు పెట్టారు. ఫలితంలో చంద్రుడు తెల్లగా మెరిసిపోతుండగా ఆకాశమంతా నల్లగా ఉంది. చంద్రుణ్ణి వేరే చోటి నుంచి తెచ్చి అతికించారనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదని ఆయన వాదన. చంద్రబింబపు చీకటి భాగంలో ఒక తెల్లని చుక్క ఉండటం ఆయన రెండో అభ్యంతరం. చంద్రుడి గుండా నక్షత్రం ఎలా కనిపిస్తుందని ఆయన అడుగుతున్నారు. ఫొటో పంపినవారు మాత్రం ఇది నిజమైన దృశ్యమేనని గట్టిగా చెబుతున్నారు.

మా చేతిలో ఉన్నది మెసేజింగ్ యాప్ ద్వారా వచ్చిన 2048 పిక్సెళ్ల వెడల్పున్న జేపెగ్ మాత్రమే. అందులో ఎగ్జిఫ్ సమాచారం, అంటే కెమెరా ఫైలులోనే రాసిపెట్టే తేదీ, సెట్టింగుల వివరాలు, ఏమీ మిగలలేదు. ఈఎల్ఏ ఫలితానికి ఎంత విలువ ఇవ్వాలో, ఆ చుక్కను ఏమనుకోవాలో, ఇంత కుదించిన ఫైలు నుంచి అసలు ఏదైనా తేల్చగలమో తెలిసినవారు చెప్పగలరు. ఒక మనిషి నిజాయితీకి సంబంధించిన విషయం కాబట్టి తొందరపడి మాట తూలడం నాకు ఇష్టం లేదు.

జవాబు: ముడిఫైలు

ముందుగా ఈఎల్ఏ సంగతి చెబుతాను, ఎందుకంటే ఖగోళ చిత్రాల విషయంలో అది చేసినంత అన్యాయం మరే పరీక్షా చేయలేదని నా అభిప్రాయం.

జేపెగ్ పద్ధతి చిత్రాన్ని 8 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తు ఉన్న గడులుగా విడగొట్టి, ప్రతి గడిలోని సూక్ష్మ వివరాలను ఎంపిక చేసిన నాణ్యత మేరకు దగ్గరి అంకెకు సవరించి భద్రపరుస్తుంది. అలా ఒకసారి సవరించిన గడిని అదే నాణ్యతతో మళ్లీ భద్రపరిస్తే పెద్దగా మారదు. మొదటిసారి ఆ సవరణకు గురయ్యే గడి ఎక్కువగా మారుతుంది. ఈఎల్ఏ చేసేదల్లా చిత్రాన్ని ఒక తెలిసిన నాణ్యతతో మళ్లీ భద్రపరిచి, పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడాను కొన్ని పదుల రెట్లు పెంచి చూపించడమే. నీల్ క్రావెట్జ్ 2007లో దీన్ని ప్రచారంలోకి తెచ్చినప్పుడు, చాలాసార్లు భద్రపరిచిన జేపెగ్‌లోకి కొత్త ముక్క వచ్చి చేరితే ఆ ముక్క తేడాగా కనిపిస్తుందన్నదే దాని వెనుక ఉన్న ఆలోచన.

అయితే ఆ తేడా చిత్రం చరిత్ర మీద మాత్రమే ఆధారపడదు, గడిలో ఉన్న వివరం మీద కూడా ఆధారపడుతుంది. పదునైన అంచులు, వెలుగు నీడలు కలిసిన గడులు ఎప్పుడూ ఎక్కువ మారతాయి. చదునుగా, నల్లగా ఉన్న గడుల్లో మారడానికి సరుకే ఉండదు. నల్లని ఆకాశం మీద బిలాలతో నిండిన నెలవంకను ఉంచి ఈఎల్ఏ చేస్తే ఆకాశం నల్లగా, నెలవంక తెల్లగా రాక మరెలా వస్తుంది? ఫిర్యాదు చేసిన సభ్యుడు తాను స్వయంగా తీసిన, ఏ మార్పూ చేయని చంద్రుని ఫొటోను అదే వెబ్‌సైట్‌లో పెట్టి చూస్తే విషయం ఆయనకే బోధపడుతుంది.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరైనా రెండు రా ఫైళ్లను, అంటే సెన్సర్ నుంచి నేరుగా భద్రపరిచిన ముడి ఫైళ్లను, సాఫ్ట్‌వేర్‌లో కలిపి, చివర ఒక్కసారే జేపెగ్‌గా భద్రపరిస్తే, అతికిన ముక్కకూ మిగతా చిత్రానికీ కుదింపు చరిత్ర ఒక్కటే అవుతుంది కాబట్టి ఈఎల్ఏకు ఏమీ చిక్కదు. మెసేజింగ్ యాప్ చిత్రాన్ని కుదించి మళ్లీ జేపెగ్ చేసినప్పుడు, అంతకుముందు ఉన్న గడుల గీతలు సైతం చెరిగిపోతాయి. అంటే ఈ పరీక్ష మీ ఫైలు విషయంలో నేరాన్నీ రుజువు చేయలేదు, నిర్దోషిత్వాన్నీ రుజువు చేయలేదు. కాపీ చేసి అతికించిన భాగాలను వెతికే ప్రోగ్రాములను కూడా నక్షత్రాల చిత్రాల మీద వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. గుండ్రటి చిన్న చుక్కలన్నీ ఒకదానితో ఒకటి పోలి ఉండటం సహజం కాబట్టి, ఒక్కో చుక్క పోలిక కాక, నాలుగైదు చుక్కల అమరిక అచ్చుగుద్దినట్టు రెండు చోట్ల కనిపిస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

కాబట్టి ఈఎల్ఏ ఫిర్యాదును పక్కన పెట్టండి. ఫొటో పంపినవారిని రా ఫైలుతో పాటు, దానికి ముందూ వెనకా తీసిన రెండు మూడు ఫ్రేములు కూడా అడగండి. చుక్క సంగతి అవి వచ్చాక మాట్లాడుకోవచ్చు.

జవాబు: చుక్కలలెక్క

ముడిఫైలు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, కుదించిన ఫైలు నుంచి ఏమీ తేలదన్న భావన ఎవరికీ కలగకూడదని ఇది రాస్తున్నాను. పిక్సెళ్ల లోపలి సాక్ష్యాన్ని యాప్ చెరిపేసి ఉండవచ్చు కానీ, ఆకాశపు జ్యామితిని చెరపలేదు. మామూలు ఫొటోలకు లేని సదుపాయం ఖగోళ చిత్రాలకు ఉంది: ఫ్రేములో ఉన్న ప్రతి చుక్క స్థానమూ ఫొటో తీసినవారితో నిమిత్తం లేకుండా ముందే కొలిచి పెట్టి ఉంది. గయా ఉపగ్రహం మూడో విడత పట్టికలో దాదాపు 180 కోట్ల జ్యోతుల వివరాలున్నాయి. ఇంతమంది సాక్షులున్న నేరస్థలం ఇంకెక్కడా దొరకదు.

మొదట తేదీ చూద్దాం. పౌర్ణమి నాటి చంద్రుడు కృత్తికల దగ్గర ఉండే మాసాన్నే కార్తీకమన్నారు. పౌర్ణమి నాడు చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కాబట్టి, నవంబరు ప్రాంతంలో కృత్తికల పక్కన నిండు చంద్రుడే కనిపించాలి. సాయంత్రం పూట సన్నని నెలవంక కృత్తికల పక్కన ఉండాలంటే సూర్యుడు వాటికి పడమటగా ముప్పై నలభై డిగ్రీల దూరంలోనే ఉండాలి. అది మార్చి చివరి నుంచి ఏప్రిల్ నెలాఖరు వరకు మాత్రమే కుదురుతుంది. ఫొటో పంపినవారు ఏప్రిల్ అన్నారు, ఇంతవరకు సరిపోయింది. అదే నవంబరు సాయంత్రం అని ఉంటే మిగతా పరీక్షలతో పనే ఉండేది కాదు.

తర్వాత సంవత్సరం. చంద్రుడి మార్గం క్రాంతివృత్తానికి, అంటే ఆకాశంలో సూర్యుడు కదిలే దారికి, సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది, కృత్తికలు ఆ వృత్తానికి 4 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాయి. చంద్రుడి మార్గపు వాలు 18.6 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, కొన్నేళ్లు చంద్రుడు కృత్తికలను ఏకంగా కప్పేస్తూ పోతాడు, మరికొన్నేళ్లు ఎనిమిది తొమ్మిది డిగ్రీల దూరం నుంచే దాటిపోతాడు. రెండు డిగ్రీల దూరం ప్రతి ఏటా దొరికేది కాదు. ఏ రోజు ఆకాశాన్నైనా చూపించే స్టెల్లేరియం వంటి సాఫ్ట్‌వేర్‌లో చెప్పిన తేదీ, సమయం పెట్టి చూడండి. అయితే ఫొటో తీసిన చోటును కూడా తప్పకుండా సరిగా పెట్టాలి. చంద్రుడు మనకు దగ్గరగా ఉన్నందువల్ల భూమి మీద చోటు మారితే నక్షత్రాల మధ్య అతని స్థానం దాదాపు ఒక డిగ్రీ దాకా జరుగుతుంది. ఊరు తప్పుగా పెట్టి చూసి, చంద్రుడు చోటు తప్పాడని నిజమైన ఫొటోను దొంగదనుకున్న సందర్భాలు నేను స్వయంగా చూశాను, ఒకసారి ఆ పొరపాటు చేసినవాణ్ణి నేనే.

ఇక మూడోదైన పరిమాణం నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యం. కృత్తికల గుంపులో ఈ చివర అట్లాస్, ఆ చివర ఎలెక్ట్రా అనే రెండు నక్షత్రాల మధ్య దూరం 59 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం). చంద్రుడి వ్యాసం భూమికి దగ్గరగా ఉన్నప్పుడూ దూరంగా ఉన్నప్పుడూ మారుతూ దాదాపు 29 నుంచి 34 ఆర్క్ నిమిషాల మధ్య ఉంటుంది. కాబట్టి చంద్రుడి వ్యాసాన్ని ఆ రెండు నక్షత్రాల దూరంతో భాగిస్తే సుమారు 0.5 రావాలి, ఎంత పెద్ద చంద్రుడైనా 0.58 దాటకూడదు. చిత్రాన్ని ఎంత కుదించినా, ఎంత పెంచినా, ఏ యాప్‌లో పంపినా ఈ నిష్పత్తి మారదు. మీ దగ్గరున్న ఫైలులోనే ఇది కొలవవచ్చు. నెలవంక అతిగా వెలిగిపోయి ఉంటే దాని అంచు నాలుగైదు పిక్సెళ్లు బయటికి పొంగుతుంది కాబట్టి, వెలుగు అంచును కాక, బూడిద రంగులో కనిపిస్తున్న చీకటి అంచుకు వృత్తాన్ని సరిపెట్టి వ్యాసం తీయండి. చంద్రుడు క్షితిజానికి మరీ దగ్గరగా ఉంటే వాతావరణ వక్రీభవనం వల్ల నిలువుగా కొంచెం నొక్కుకుపోతాడు, అందువల్ల అడ్డంగా కొలవడం మేలు.

నాలుగోది వెలుగు లెక్క. ఇక్కడ "ఒకే ఎక్స్‌పోజర్" అన్న మాట నాకు మింగుడుపడటం లేదు. నిండు చంద్రుడికి ఎఫ్ 11, ఐఎస్ఓ 100, సెకనులో నూరో వంతు సరిపోతుందని ఫొటోగ్రాఫర్లందరికీ తెలిసిన లెక్క. ఇక్కడ సమయం దానికి 200 రెట్లు, లెన్స్ ద్వారం వల్ల వెలుగు 4 రెట్లు, ఐఎస్ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, 16 రెట్లు. మూడూ గుణిస్తే 12,800 రెట్లు. సన్నని నెలవంక మసకగా ఉంటుంది కాబట్టి ఉదారంగా 16 రెట్లు తగ్గించినా, ఆ నెలవంక కావలసినదానికన్నా ఎనిమిది వందల రెట్లు ఎక్కువగా వెలిగి తెల్లని ముద్దగా మిగలాలి. అందులో బిలాలు కనిపిస్తున్నాయంటే కనీసం రెండు ఎక్స్‌పోజర్లు కలిసి ఉండాలి. దీన్నిబట్టి చంద్రుణ్ణి వేరే చోటి నుంచి తెచ్చారని అనలేం. అదే ట్రైపాడ్ మీద కెమెరా కదపకుండా వెంటవెంటనే తీసిన రెండు ఫ్రేములను కలపడం ఈ రంగంలో రోజూ జరిగే పనే. అయినా వివరంలో రాసిన మాట మాత్రం నిజం కాజాలదు.

నక్షత్రాల ఆకారం గురించి కూడా అడుగుతారేమో. భూభ్రమణం వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ సెకను) కదులుతుంది. కృత్తికలు ఖగోళ మధ్యరేఖకు 24 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నందువల్ల వాటికి ఆ కదలిక 13.7 అవుతుంది. 200 మి.మీ. లెన్స్, 4 మైక్రోమీటర్ల పిక్సెళ్లు ఉన్న కెమెరా అనుకుంటే, 2 సెకన్లలో అవి ఆరేడు పిక్సెళ్ల గీతలుగా సాగాలి. ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్ వాడితే నక్షత్రాలు చుక్కలుగా నిలిచి చెట్టు సాగాలి. చెట్టూ చుక్కలూ రెండూ పదునుగా ఉంటే అక్కడ అతుకుందన్నమాట. కానీ 2048 పిక్సెళ్లకు కుదించాక ఆ గీత రెండు పిక్సెళ్లకు తగ్గిపోతుంది కాబట్టి, ఈ ఫైలు చూసి దీని మీద తీర్పు చెప్పవద్దు.

జవాబు: రాత్రికాపు

రా ఫైలు అడగడం మంచిదే కానీ, ఇవ్వకపోతే దొంగ అన్న నిర్ణయానికి రావద్దు. కార్డు చెడిపోవచ్చు, స్థలం చాలక తుడిచేసి ఉండవచ్చు. పైగా రా ఫైలు రుజువు చేసేది ఒక్కటే: ఆ సెన్సర్ మీద ఆ వెలుగు పడిందని. తెర మీది బొమ్మను ఫొటో తీసినా రా ఫైలే వస్తుంది.

తెర అంటే గుర్తొచ్చింది. 2023లో ఒకరు చంద్రుడి చిత్రాన్ని కంప్యూటర్‌లో బాగా కుదించి, మసకబార్చి, ఆ మసక బొమ్మను మానిటర్ మీద పెట్టి, గది రెండో చివర నుంచి సామ్‌సంగ్ ఫోనుతో ఫొటో తీశారు. మానిటర్ మీద లేని బిలాలు ఫోను తీసిన ఫొటోలో ప్రత్యక్షమయ్యాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలను మెరుగుపరిచే కృత్రిమ మేధ తమ కెమెరాలో ఉందని ఆ సంస్థ తర్వాత వివరణ ఇచ్చింది. ఇక్కడ ఫొటో తీసినవారు ఏ మార్పూ చేయలేదని ప్రమాణం చేసినా అది అబద్ధం కాదు, చిత్రం మాత్రం నిజం కాదు. అందువల్ల మీ పోటీదారు వాడింది కెమెరానా ఫోనా అన్నది కూడా అడగండి.

దీనికి తిరగబడిన ఉదాహరణ 2022లోది. ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఎతియెన్ క్లైన్ ఒక సాసేజ్ ముక్క ఫొటోను పెట్టి, ఇది జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన ప్రాక్సిమా సెంటారీ నక్షత్రమని సరదాకు రాశారు; చాలామంది నమ్మాక క్షమాపణ చెప్పారు. ఆ ఫొటోకు ఈఎల్ఏ చేసినా, ఇంకేమి చేసినా అతుకు కనిపించదు, ఎందుకంటే అబద్ధమంతా కింద రాసిన వివరంలో ఉంది. మీ కేసులో కూడా నాకు వివరం మీదే అనుమానం.

జవాబు: ముడిఫైలు

రాత్రికాపు గారి మాటకు నేనూ తలవంచుతాను; రా ఫైలు లేకపోవడం నేరం కాదు. కానీ ఉన్నప్పుడు అది చెప్పే కబుర్లు చాలా ఉంటాయి కాబట్టి, ముఖ్యంగా ఆ తెల్లని చుక్క కోసం, మరికొంత రాస్తున్నాను.

చంద్రుడి చీకటి భాగంలో చుక్క కనిపించడానికి కనీసం నాలుగు కారణాలు ఉండవచ్చు. నక్షత్రాల పొరను చంద్రుడి మీద అతికించి, చెరపడం మరిచిపోవడం ఒకటి. ఫిర్యాదు చేసిన సభ్యుడు దీన్నే పట్టుకున్నారు. అంతరిక్షం నుంచి వచ్చే శక్తిమంతమైన కణం, అంటే కాస్మిక్ కిరణం, సెన్సర్‌ను తాకడం రెండోది. చంద్రుడి మీద ఉల్క పడి ఒక క్షణం మెరవడం మూడోది. ఇది కట్టుకథ కాదు, 2019 జనవరి 21 నాటి సంపూర్ణ చంద్రగ్రహణ సమయంలో అలాంటి మెరుపు చాలామంది కెమెరాలకు చిక్కింది. నాలుగోది, అన్నింటికన్నా సామాన్యమైనది, హాట్ పిక్సెల్. సెన్సర్‌లో కొన్ని పిక్సెళ్లు వెలుగు పడకపోయినా వేడి వల్ల విద్యుదావేశాన్ని పోగుచేసుకుంటాయి, ఎక్స్‌పోజర్ పెరిగే కొద్దీ మరింత వెలుగుతాయి.

వీటిని వేరుచేయడం తేలిక. కెమెరాను ట్రైపాడ్ మీద కదపకుండా వరుసగా తీసిన ఫ్రేములలో చంద్రుడూ నక్షత్రాలూ పడమటికి జరుగుతూ పోతాయి. చుక్క వాటితో పాటు జరిగితే అది ఆకాశంలోనిది. అదే వరుస, అదే నిలువు సంఖ్యల దగ్గర పాతుకుపోయి ఉంటే సెన్సర్‌ది. ఒక్క ఫ్రేములోనే ఉండి మిగతావాటిలో లేకపోతే కాస్మిక్ కిరణమో, ఉల్క మెరుపో కావచ్చు. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే సదుపాయం వేసి ఉంటే హాట్ పిక్సెళ్లు చాలావరకు తుడిచిపెట్టుకుపోతాయన్న విషయం గుర్తుంచుకోండి.

ఈ హాట్ పిక్సెళ్లకు ఇంకో ఉపయోగం ఉంది. ఏ సెన్సర్‌కు ఆ సెన్సర్ ప్రత్యేకమైన పిక్సెల్ అసమానత్వం ఉంటుందనీ, దాన్ని వేలిముద్రలా వాడి ఫొటో ఏ కెమెరాదో చెప్పవచ్చనీ 2006లో లుకాష్, ఫ్రిడ్రిచ్, గోల్యాన్ అనే పరిశోధకులు చూపించారు. నేర పరిశోధనలో అది గట్టి పద్ధతే కానీ, ఆ అసమానత్వం పడిన వెలుగుకు అనుపాతంలో ఉంటుంది కాబట్టి చీకటి ఆకాశంలో ఆ వేలిముద్ర దాదాపు పడదు. అక్కడ మనకు దిక్కు హాట్ పిక్సెళ్లే. రెండు రా ఫైళ్లలో ఇరవై ముప్పై హాట్ పిక్సెళ్లు అవే స్థానాల్లో ఉంటే, ఆ రెండూ ఒకే సెన్సర్‌వని నమ్మకంగా అనవచ్చు.

ఒక చిన్న హెచ్చరిక చేసి ముగిస్తాను. డేటా లోపాన్ని మనిషి చేసిన మోసంగా భ్రమపడటం మనకు కొత్త కాదు. 1976 జులై 25న వైకింగ్ 1 వ్యోమనౌక తీసిన, అంగారకుడి మీద ముఖం అని పేరుపడిన చిత్రంలో నల్లని చుక్కలున్నాయి. అందులో ఒకటి సరిగ్గా ముక్కు పుటం ఉండాల్సిన చోట పడి ముఖానికి మరింత పోలిక తెచ్చింది. అవి ప్రసారంలో పోయిన డేటా మిగిల్చిన ఖాళీలు తప్ప, ఎవరో దిద్దినవి కావు.

పరిశీలకుడు

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది ఆలస్యంగా చెబుతున్నందుకు మన్నించగలరు.

చుక్కలలెక్క గారు చెప్పినట్టు ముందు మా దగ్గరున్న ఫైలులోనే కొలిచాను. అట్లాస్ నుంచి ఎలెక్ట్రాకు 293 పిక్సెళ్లు వచ్చింది. చంద్రుడి వ్యాసం చీకటి అంచుకు వృత్తం సరిపెట్టి, అడ్డంగా కొలిస్తే 250 పిక్సెళ్లు. నిష్పత్తి 0.85. ముగ్గురం వేర్వేరుగా కొలిచినా రెండు మూడు పిక్సెళ్లకు మించి తేడా రాలేదు. ఆ రోజు చంద్రుడి వ్యాసం 31 ఆర్క్ నిమిషాలు కాబట్టి, ఈ స్కేలులో 154 పిక్సెళ్లే ఉండాలి. అంటే చంద్రుడు ఉండాల్సినదానికి 1.62 రెట్లు ఉన్నాడు. నక్షత్రాల దూరాన్ని బట్టి చిత్రం మొత్తం వెడల్పు లెక్కిస్తే దాదాపు 6.9 డిగ్రీలు వచ్చింది, అది 24 మి.మీ. వెడల్పున్న సెన్సర్ మీద 200 మి.మీ. లెన్స్‌కు సరిగ్గా సరిపోతుంది. నేపథ్యం వివరంలో రాసినట్టే ఉంది, చంద్రుడే దానితో పొసగలేదు.

ఈ లెక్కను నేరారోపణగా కాకుండా ప్రశ్నగా పంపి, అసలు ఫ్రేములు ఉంటే చూపించమని అడిగాము. ఆయన ఏ మాత్రం దాచకుండా ఆ సాయంత్రం తీసిన పదకొండు రా ఫైళ్లు పంపారు. కొండ, చెట్టు, కృత్తికలు ఉన్నది 200 మి.మీ. వద్ద తీసిన 2 సెకన్ల ఫ్రేము. అందులో నెలవంక మీరు లెక్కగట్టినట్టే తెల్లని ముద్దగా ఉంది. ఆ తర్వాత అదే జూమ్ లెన్స్‌ను 320 మి.మీ. వరకు తిప్పి, బిలాల కోసం ఒకటి, చీకటి భాగం కోసం మరొకటి ఎక్స్‌పోజర్ తీసి, ఆ రెంటినీ కలిపి, వచ్చిన చంద్రుణ్ణి పాత ముద్ద మీద కప్పారు. 320ని 200తో భాగిస్తే 1.6. మా కొలతకు ఇంత దగ్గరగా రావడం చూసి మాకే ముచ్చటేసింది. "ఒకే ఎక్స్‌పోజర్" అన్నది నేపథ్యం గురించి రాశాననీ, చంద్రుడి గురించి పోటీ ఫారంలో ప్రత్యేకంగా అడగలేదనీ ఆయన వివరణ. ఫారం నేనే తయారుచేశాను. ఆయన అన్నది నిజమే, అందులో ఒక లెన్స్, ఒక ఎక్స్‌పోజర్ రాయడానికే చోటుంది. అయినా చంద్రుడు పెద్దదైన సంగతి ఆయనకు తెలియకుండా జరగలేదని నా అభిప్రాయం, ఆ మాట ఆయనకు మర్యాదగానే చెప్పాను.

తెల్లని చుక్క విషయంలో ఫిర్యాదు నిలబడలేదు. చీకటి భాగం కోసం తీసిన ఫ్రేములు మూడు ఉన్నాయి. చంద్రుడు ఒక్కో ఫ్రేముకు వంద పిక్సెళ్లకు పైగా జరిగినా, చుక్క మాత్రం మూడింటిలోనూ అదే వరుస, అదే నిలువు సంఖ్య దగ్గర కదలకుండా ఉంది. మొదటి ఫ్రేములో అది చంద్రుడి మీద పడింది, మూడోదానికి వచ్చేసరికి ఖాళీ ఆకాశంలో ఉంది. 200 మి.మీ. ఫ్రేములో కూడా అదే స్థానంలో, చెట్టు కొమ్మ మీద, ఒక చుక్క మెరుస్తోంది. ఇంతకాలం దాన్ని ఎవరం గమనించలేదు.

చిత్రాన్ని తిరస్కరించకుండా, పంపినవారి అంగీకారంతో కాంపోజిట్, అంటే ఒకటికి మించి ఫ్రేములు కలిపిన చిత్రాల, విభాగానికి మార్చాము. కింద వివరంలో రెండు ఫోకల్ లెంగ్తులూ, మూడు ఎక్స్‌పోజర్లూ రాయించాము. వచ్చేసారి ఫారంలో ప్రతి ఫ్రేముకూ వేరే వరుస పెడుతున్నాను.

ముడిఫైలు గారి సలహా మేరకు ఫిర్యాదు చేసిన సభ్యుడు తాను టెలిస్కోపు ద్వారా తీసిన చంద్రుని ఫొటోను అదే వెబ్‌సైట్‌లో పెట్టి చూశారు. ఫలితంలో ఆకాశం నల్లగా, చంద్రుడు తెల్లగా వచ్చారు. ఆయన దాన్ని మా గుంపులో పంచుకుని, తన ఫొటో మీద ఎవరైనా ఫిర్యాదు చేయదలిస్తే గడువు ఇంకా రెండు రోజులుందని రాశారు.

జవాబు: చుక్కలలెక్క

కొలత తీసిన తీరు బాగుంది. కాంపోజిట్ విభాగంలో పెట్టినా ఇంకొక్కటి చూడండి: 320 మి.మీ. చంద్రుణ్ణి కప్పినప్పుడు బింబం కేంద్రం పాత ముద్ద కేంద్రం మీదే పడిందా, పక్కకు జరిగిందా? వివరంలో కృత్తికలకు రెండు డిగ్రీల దూరమని రాయబోతుంటే, ఆ దూరాన్ని అతికిన చంద్రుడి నుంచి కాకుండా 200 మి.మీ. రా ఫైలు నుంచి కొలిచి రాయడం మంచిది.